సుద్దముక్క

ముప్పై రెండేళ్లు పెరంబూరు రైలుపెట్టెల ఫ్యాక్టరీలో
నా పని తప్పులు చూడటం.
అతుకు మీద టార్చి కొట్టి,
వెంట్రుకంత పగులు కనపడితే చాలు
జేబులోంచి సుద్దముక్క తీసి ఇంటూ కొట్టేవాణ్ణి.
నా బూట్ల చప్పుడు వింటే
వెల్డరు కుర్రాళ్లు బీడీలు ఆర్పేవాళ్లు.
రిటైరైన రోజు టార్చి తిరిగిచ్చేశాను.
సుద్దముక్క ఇవ్వలేదు.
దాన్ని గుడికి తెచ్చుకున్నాను.

పాట అయ్యాక వచ్చే కోడళ్లకి ఒక గుర్తు.
కానుకల సంచి దగ్గరికి రాగానే
గాఢ ప్రార్థనలోకి జారుకునే సాల్మను సారుకి ఒక గుర్తు.
మొగుడు తాగొచ్చి కొడుతున్నాడని
సాక్ష్యంలో లేచి ఏడ్చిన పిల్లకి,
ఇది సాక్ష్యమా, సంసారం బజారున పెట్టుకోవడమా అని,
రెండు.

దీవెనమ్మకైతే లెక్కే లేదు.
కార్పొరేషన్ చీపురుతో తెల్లారేదాకా
వ్యాసర్పాడి వీధులు ఊడ్చి,
అదే చీరతో వచ్చి వెనక చాప మీద కూచుని
ప్రసంగం మొదలవగానే కునికేది.
ఓ ఆదివారం అందరి ముందూ అడిగాను,
"ఇవాళ మూలవాక్యం ఏంటమ్మా?"
తల దించుకుంది.
గెలిచినట్టు కళ్లజోడు సర్దుకున్నాను.

తర్వాత పొర కమ్మింది.
వీధిదీపాలకి పీచుమిఠాయి అంటుకుంది.
అక్షరాలు తడిసిన అప్పడాల్లా
ఒకదానికొకటి అతుక్కుపోయాయి.
ఎవరికీ చెప్పలేదు. వాక్యం చదివే పెద్దని గదా.
బల్ల దగ్గర నిలబడి, పేజీ తిప్పినట్టే తిప్పి,
కంఠతా వచ్చింది గంభీరంగా చదివేవాణ్ణి.
మధ్యలో ఆగి అద్దాలు తుడుచుకునేవాణ్ణి కూడా.
ఆమేన్ అనేవాళ్లు అందరూ.

ఎగ్మూరు కంటాసుపత్రి. కుడికంటికి ఆపరేషను.
నా ఇంటిమనిషి పోయి నాలుగేళ్లు.
సాల్మను సారుకి బీపీ.
దీవెనమ్మ వచ్చింది, రెండు రోజుల జీతం పోగొట్టుకుని.
రోడ్డు దాటేటప్పుడు నా మణికట్టు పట్టుకుంది.
గరుకు చెయ్యి, ఇటుకలాగా.
విదిలించుకుందామనుకున్నాను.
బస్సు హారను కొట్టింది.
విదిలించుకోలేదు.

రాత్రి వార్డులో, కంటికి కట్టుతో,
నిద్రపట్టక నేనే కదిపాను.
"గుళ్లో వాక్యం నీకేమైనా ఎక్కుద్దా?"
"చదువు రాదు గదయ్యా, విన్నది పోదు.
కునికినా వినపడుద్ది.
ఆర్నెల్లుగా అయ్యగారు చెప్పే అధ్యాయం ఒకటి,
మీరు చదివేది ఒకటి."
"... అందరికీ తెలుసా?"
"తెలుసు."
"మరి ఎవరూ—"
"అదీ వాక్యమే గదయ్యా."

కట్టు కింద కన్ను తడవకూడదన్నారు డాక్టరు.

తెల్లారి నర్సమ్మ దూది తీసి,
"కణ్ణ తొరంగ, తాతా" అంది.
తెరిచాను.
దేవదూతలెవరూ లేరు.
స్టీలు గ్లాసు, కిటికీ ఊచ, ఊచ మీద కాకి రెట్ట.
తర్వాత నా తెల్లచొక్కా.
కాలరు నిండా జిడ్డు, గుండీల పక్కన సాంబారు మరకలు,
పాతవి, కొత్తవి.
ఎన్ని ఆదివారాలు ఇదే చొక్కాతో
బల్ల దగ్గర నిలబడ్డానో.
మంచం కింద నేలమీద
దీవెనమ్మ ఒళ్లెరక్క నిద్రపోతోంది.
పాదాలు నావైపున్నాయి. పగుళ్లు.
వెంట్రుకంతవి కావు, సుద్దముక్క దూరేంతవి.
చెయ్యి అలవాటుగా జేబు తడుముకుంది.

ఇంటూ గుర్తుని కాస్త పక్కకి తిప్పితే ఏమవుతుందో
ముప్పై రెండేళ్లలో ఒక్కసారీ తోచలేదు నాకు.

ప్రభువా, ఎడమకన్ను ఇంకా మిగిలే ఉంది.
ఆర్నెల్లాగి అదీ చేస్తామంటున్నారు.
తొందరేం లేదు.
బాగైన కంటితో నా చొక్కా చూసుకుంటాను.
మనుషుల్ని కొన్నాళ్లు
పొర ఉన్న దాంతోనే చూస్తాను.

తిరుగుదారిలో షేరాటోలో
దీవెనమ్మ మళ్లీ కునికింది.
ఓటేరి గుంతల్లో తల ఊచకి కొట్టుకుంటుంటే
మధ్యలో నా అరచెయ్యి పెట్టాను.
పెరంబూరు దాకా తియ్యలేదు.