దిగేటప్పుడు తీసుకో

పదకొండేండ్లుగా ఈ కొండ ఎక్కుతానే ఉండా,
నిలబడి.
కడప నుంచి రాయచోటికి, మళ్లా కడపకు,
గువ్వలచెరువు ఘాట్‌లో బస్సు ఎటు ఒరిగితే
దానికి ఎదురు ఒరిగి టికెట్లు కొట్టుకుంటా.
ప్రతి మలుపూ నా నడుముకు తెలుసు.
కాళ్లకే తెలీదు.

ఆ మాట ఒకసారి నోరుజారి అన్నందుకు
మాబున్ని పేర్లు రాయించుకొని వచ్చింది:
పాలకొండల్లో పరుగు, రెండు దినాలు,
జతలు జతలుగా.
ఒకరు ముందొస్తే లెక్కలేదు,
ప్రతి చెక్‌పోస్టులో ఇద్దరి సంతకాలూ పడాల.
"నీకేమన్నా పిచ్చా మేయ్?" అన్నా.
"నలభై దాటినాక ఆడది పరిగెత్తేది
బస్సు కోసమేనా?" అనింది.

మా జత నెంబరు నలభై ఆరు.
ఊర్లో వాళ్ల రవికెలు కుట్టే చేత్తోనే
ఇద్దరి బనీన్లకూ దాన్ని దారంతో కుట్టేసింది.
పిన్నీసుల్ని నమ్మదామె.

మొదటి దినం ఇరవై ఆరు కిలోమీటర్లు.
మంచు. బోదగడ్డి తడి మోకాళ్ల దాకా.
ఎర్రచందనం చెట్లకు కట్టిన రిబ్బన్లు ఎతుక్కుంటా
రాళ్ల మీద పోయినాం.
ఒగ రాయి నిలబడుతుంది, ఒగటి దొర్లుతుంది,
కాలు పెట్టేదాకా ఏది ఏదో చెప్పదు.
బెంగళూరు పిల్లోళ్లు "కమాన్ ఆంటీ" అనుకుంటా
మేకపిల్లల మాదిరి దాటిపోయినారు.
దస్తీలో కట్టుకొచ్చిన చెనిక్కాయ ఉంటలు కొరుక్కుంటా
ఆంటీలమే, ఏం చేస్తాం, అని ఎక్కినాం.

రాత్రి గుడారంలో చూస్తే
ఆమె బొటనవేలి గోరు నేరేడుపండు రంగు.
"పొద్దున్నే ఇంటికి పోదామా?" అంటే
టార్చి పట్టుకోమనింది.
సూది కాల్చి, గోటికి బెజ్జం పెట్టి,
నల్లనెత్తురు పిండి, పండుకుంది.
నాకే నిద్ర రాలా.
ఎక్కడో కింద లారీలు గేర్లు మార్చే సద్దు.
మన ఘాటే కదా అనుకుంటే
కొంచెం ధైర్యం.

రెండో దినం, తొమ్మిదో కిలోమీటరు కాడ
ఆమె కుంటడం మొదలుపెట్టింది.
మూడో చెక్‌పోస్టు పదకొండున్నరకు మూస్తారు.
గడియారం చూసుకుంటి. మళ్లా చూసుకుంటి.
"నువ్వు పోతాండు, వస్తా" అనింది.
పోయినా.

ఇది ఎవరికీ చెప్పలేదు.
వెనక్కి తిరగకుండా పోయినా.
గుట్ట వాలు, ఎదురుగాలి,
భుజాన సంచి లేదు, రైట్ రైట్ లేదు,
దిగేవాళ్లు లేరు, ఎక్కేవాళ్లు లేరు.
ఎంత తేలికైపోయినానో చెప్తే సిగ్గు.
వంద అడుగులుంటాయేమో,
నేనైతే లెక్క పెట్టలా.
అప్పుడు గుర్తొచ్చింది, సంతకాలు రెండని.
స్నేహం గుర్తొచ్చిందని చెప్పుకుంటే బాగుండు.
గుర్తొచ్చింది రూలు.
తంగేడు పొద పక్కన కూర్చొని
ఊడని బూటు ముడి విప్పి
కడతా, విప్పుతా ఉండిపోయినా.
వచ్చింది. నా బూటు పక్క చూసింది.
"అయిందా?" అని మాత్రం అడిగి
భుజం మీద చెయ్యేసింది, బరువంతా.

పదకొండూ ఇరవై ఏడుకు సంతకాలు పెట్టినాం.
సాయంత్రానికి, చివర్నుంచి రెండో జత మాది.
మా వెనక నెల్లూరోళ్లు, పాపం,
దారి తప్పి ఎలుగుబంటి అడుగులు కూడా చూసినారంట.
గువ్వలచెరువులో పాలకోవా తిన్నాం.
ఎవరి డబ్బులు వాళ్లిచ్చుకున్నాం.

సోమవారం డ్యూటీ.
నా బస్సు మెట్లు నేనే కమ్మీ పట్టుకొని ఎక్కినా.
ఊరి చివర స్టాపులో మాబున్ని ఎక్కింది,
వేలికి కట్టు, రబ్బరు చెప్పులు.
ఐదు వందల నోటు చాపి,
"నూటా పన్నెండు అడుగులకు
టికెట్టెంత మేయ్?" అనింది.

ముందు సీట్లో ముసలాయన
మా ఇద్దరి మొకాలూ మార్చి మార్చి చూసినాడు.
బస్సు మొదటి మలుపుకు ఒరిగింది.
మిషన్‌లో రాయచోటి కొట్టి, చీటీ చింపి,
చిల్లర లేనప్పుడు అందరికీ చేసినట్టే
తిప్పి, వెనక రాసిచ్చినా:
బాకీ 112.
కింద నా సంతకం పెట్టి
ఇంకొకదానికి జాగా వదిలినా.