వాముకి వేలు విడిచిన చుట్టం

ఫిషింగ్ హార్బర్‌లో ఇరవై రూపాయలకి కొన్న
థర్మోకోల్ పెట్టె.
మూడుసార్లు కడిగినా వంజరం వాసన పోలేదు.
కాల్చిన మేకుతో అడుగున ఏడు చిల్లులు,
సగం ఎర్రమట్టి, సగం ఏటి ఇసుక.
సముద్రం పక్కనే ఉండి ఇసుక కొన్నానని
ఆటోవాడు నవ్వాడు.
గింజలంటారా, చిటికెడు పొడుము.
తుమ్మితే తోట ఎగిరిపోతుంది.

పన్నెండేళ్ళుగా బీచ్ రోడ్డు హోటల్లో
పిజ్జాల మీద సీసాలోంచి దులుపుతున్నాను
ఈ ఆకుని, బూడిదరంగు పొట్టుగా.
ముఖం చూడకుండా
పన్నెండేళ్ళు కాపురం చేసినట్టు.

పదహారో రోజున మొలిచింది,
దోమ రెక్కంత.
మా జ్ఞానాపురం డాబాల మీద
పోర్టు బొగ్గు రోజూ వాలుతుంది,
ఆరేసిన చొక్కా మీదా, అప్పడాల మీదా.
రాత్రి డ్యూటీ దిగొచ్చి, నిద్రకి ముందు
మా పాప రంగుల కుంచెతో
ఆకాకూ తుడిచేవాణ్ణి.

కింది వాటా దాలమ్మ నలిపి వాసన చూసింది.
"ఏటి నాయనా, వామేనా?"
కాదు, థైమ్ అన్నాను.
"టైమా? పదకొండయిపోనాది."
మళ్ళీ వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని,
"నాకు తెల్దేటి.
ఇది వాముకి వేలు విడిచిన చుట్టం" అంటూ
మెట్లు దిగిపోయింది.

ఆమెకి ప్రేమంటే నీళ్ళే.
నేను నిద్రపోయే పగళ్ళన్నీ
బియ్యం కడిగిన నీళ్ళు, చెంబులు చెంబులు.
ఆపైన అక్టోబరు వాయుగుండం.
నాలుగోనాడు పెట్టెలో
నల్లటి దారాలు, కుళ్ళు కంపు.
ఏమనగలను?
మా ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా
గంజిగిన్నెతో మెట్లెక్కేది ఆమే.

పెట్టె బోర్లించబోతే
ఒక్క కొమ్మ రానంది.
ఎప్పుడు పాకిందో అంచు దాటి
పిట్టగోడ బీటలో వేరు దింపుకుంది.
అక్కడ మట్టి లేదు, సున్నం పెచ్చులే.
చెంబు అందదు. కుంచె దూరదు.
మధ్యాహ్నం చెయ్యి పెడితే కాలుతుంది.
అక్కడ, ఒళ్ళు విరుచుకుని, పచ్చగా ఉంది.

డిసెంబరులో ఓ ఆదివారం నాలుగు రెమ్మలు తుంచి
కానాగంతల పులుసులో వేశాను.
దాలమ్మ వేలు ముంచి నాకింది,
కళ్ళు మూసుకుంది.
"వామే" అంది.
సరే, వామే.

రెమ్మల మీది బొగ్గు కడగడం మర్చిపోయానని
రాత్రి డ్యూటీలో, పొయ్యి ముందు, గుర్తొచ్చింది.
పులుసు నల్లగా ఉందని
ఎవరూ అనలేదు మరి.