అరవై ఒక్క కన్నాలు

ఆదివారం పొద్దున్నే కూర్మయ్య వచ్చి చూసి
పెదవి విరిచాడు.
"తీసి పారీయండమ్మా, ఉప్పట్టీసింది.
కొత్తది ఆరొందలకొస్తాది,
డే అండ్ నైట్ కాడ కొట్టు మా బామ్మర్దిదే."

ఆ బామ్మర్ది మాట దగ్గర
నాకు పంతం వచ్చింది.

టీ ఇచ్చి పంపించి
స్పానరుకి పాత జాకెట్టు ముక్క చుట్టి
నేనే తిప్పాను.
షవరు ఊడి చేతిలో పడింది
పండిన సీతాఫలమంత బరువుగా.

బలగలో మా ఇంటి బోరు నీళ్ళు
పప్పును ఉడకనివ్వవు, సబ్బును నురగనివ్వవు.
రోజుకింత సున్నం మోసుకొచ్చి
ఎవరూ అడక్కుండానే గోడలకు వెల్ల వేస్తాయి.

లెక్కపెట్టాను. అరవై ఒక్క కన్నాలు.
నీళ్ళొచ్చేవి పందొమ్మిది.
అందులోనూ ఒకటి
తగువులోకొచ్చిన మూడో మనిషిలా
పక్కకు దూరి
తలుపు మీద తువ్వాలును తడుపుతుంది.

కొట్లో నీలం మందు సీసాలున్నాయి గానీ
ఆ ఘాటుకు నా కళ్ళు ఆగవు.
చింతపండు తీశాను.
చారుకైతే నిమ్మకాయంత,
దీనికి కొబ్బరికాయంత.
పాత టిఫిను గిన్నెలో వేడి నీళ్ళు పోసి
షవరు మొహాన్ని బోర్లా ముంచి
నేల పట్టాను.

జాలీ ఎత్తితే
నాలుగేళ్ళ మా ఇంటి జడ.
గోరింటాకు రంగువి నావి.
పొడుగువి ఝాన్సీవి, పరీక్షలప్పుడు రాలినవి.
పొట్టివి, తెల్లవి,
తనకింకా తెల్లవి రాలేదనుకునే మా ఆయనవి.
అన్నీ చీపురు పుల్లకు చుట్టుకుని
తడిసిన ఎలకపిల్లలా పైకొచ్చాయి.
మాటల్లేని రోజుల్లో కూడా
ఈ కిందన మేం కలిసే ఉన్నామన్నమాట.
కంపు మాత్రం కంపే.

టైలుకీ టైలుకీ మధ్య నలుపు.
ఆయన పాత బ్రష్షు, తినే సోడా,
గొంతుక్కూచుని గీత తరవాత గీత.
తోమడం నాకెవరూ నేర్పలేదనుకునేదాన్ని.
నేర్పారు.
బూడితిలో, బిందెలు సంతకు పోయే ముందు
మా నాన్న పైడాచారి
చింతపండూ ఇటుకపొడీ ముందేసి కూచోబెట్టేవాడు.
"కంటితో తోమకే గుంటా,
మకిలి వదిలిందో నేదో ఏలికి తెలుస్తాది."
నిజమే. వదిలిన చోట
వేలు జారదు, కిచకిచమంటుంది.

ఆయన ఈ ఇంటికొచ్చింది ఒక్కసారే.
షవరు కింద తలెత్తి చాలాసేపు నిలబడ్డాడు.
"నిలబడి తడవడానికి ఇంత సొమ్మా?"
తరవాత పీట ఎక్కి
దాని అంచు మీద గోటితో కొట్టి
చెవి ఒగ్గి విని
నవ్వాడు.
"లోపల మనోడే."

మతి తప్పుతోందనుకున్నాను.
బకెట్టు నింపాను.
చెంబు అడిగాడు.
ప్లాస్టిక్ మగ్గు ఇచ్చాను.

రెండు గంటల తరవాత గిన్నెలోంచి తీస్తే
సున్నం అట్టలు అట్టలుగా ఊడింది.
మిగిలినదాన్ని దబ్బనంతో
ఒక్కో కన్నం, ఒక్కో కన్నం.
అంచు దగ్గర వెండిలాంటి పైపూత లేచిపోయి
గోరంత మేర
పసుపుపచ్చగా బయటపడింది.
ఇత్తడి.

తలుపేసి ఉందో లేదో చూసుకుని
గోటితో కొట్టాను.
వినపడిందో,
వినపడిందనుకున్నానో.

బిగించి తిప్పాను.
ముందు ఎర్ర నీళ్ళొచ్చాయి,
పీచు ముక్కొకటి,
ఆ తరవాత వాన.
యాభై తొమ్మిది తిన్నగా.
ఒకటి మూసుకునే ఉంది, దబ్బనానికి లొంగలేదు.
ఆ పక్కచూపుల కన్నం మాత్రం
మునుపటికన్నా జోరుగా
తువ్వాలును తడిపింది.
తువ్వాలునే పక్కకు మార్చాను.

సాయంత్రం ఆయన స్నానానికెళ్ళి
లోపల్నించి కేకేశాడు.
"ఏటే,
పులిహోర వాసనొస్తంది?"