ఆరంగుళాల లోతు

టీవీలు బాగుచేసే డబ్బా మూతబడ్డంక
మిగిలిన రాగితీగెను ఉంగరంగ చుట్టి
కర్ర కొసకు కట్టిన.
అన్నం తినే పళ్లెమంత ఉంటది.
నేలకు ఆనకుండ తిప్పితే
ఆరంగుళాల లోతు దాకా ఇంటది.

పాలమూరు బస్టాండు ఎనక పార్కు
తాతల నాడు ఎడ్ల అంగడట.
తువ్వాల కింద వేళ్లు పట్టి బేరమాడేటోళ్లు,
ధర ఇద్దరికే ఎరుక.
హాలీ సిక్కా రూపాయిని బండ మీద ఎగరేసి
మోత ఇని మొలల చెక్కుకునేటోళ్లు.
ఒక్కటన్న జారకుంటదా?
పోయినోళ్ల తొందర మీద నాకు మస్తు నమ్మకం.

వాచ్‌మన్ చెన్నకేశులు
మొదటి బీడీ అంటించకముందే
ఊడ్చినట్టు నడుస్త.
కూత. సోడామూత.
కూత. సోడామూత.
కూత. పిన్నీసు, దానికి అతికిన ఎర్రదారం.
జారుడుబండ కింద రెండు రూపాయల బిళ్ల,
మొన్నటిదే, తుడిచి జేబులేసుకున్న.
ఒక్కపారి నాగలి కర్రు ముక్క దొరికింది.
అంగడి అబద్ధం కాదనేటందుకు
నా దగ్గరున్న సాక్ష్యం గంతే.

ఇయ్యాల కానుగచెట్టు కింద
మిషను ఒర్రింది.
గిట్ల ఎన్నడు ఒర్రలే,
సన్నగ, పొడుగ్గ, ఆగకుండ.
లంకెబిందె మూతే అయి ఉండాలె!
చెవులల్ల నెత్తురు ఉరికింది.
వంగి చూస్తే గడ్డి కాదు, గొంగడి.
గొంగడి కింద మనిషి.

లేసి కూసున్నడు. కోపం లేదు.
"ఏం దేవులాడుతున్నవ్ సారూ?"
"పాత పైసలు."
లుంగీ మోకాలు దాకా జరిపిండు.
పిక్క మీద జెర్రి పాకినట్టు కుట్లు.
"పూణేల ఏడో అంతస్తు మీంచి
నాలుగో దానికి ఒచ్చిన.
రాడ్ ఏసిండ్రు.
తియ్యాల్నంటే మల్ల నలభై వేలంట.
నీ మిషను ఎంత కడ్తది?"

ఆయన నవ్విండు.
నాకు నవ్వు కొంచెం ఆలస్యంగ ఒచ్చింది.
నారాయణపేట బస్సుకింక గంటుందని
చెప్పులు నెత్తికింద పెట్టుకొని
అటు మల్లి పండుకున్నడు.

ఊరికెనే, ఇంకొక్కపారి,
దూరం నిలవడి, చెయ్యి చాపి తిప్పిన.
అదే కూత.
అంగుళం లోతు సుత లేదు,
అంగడి కంటె కిందికెల్లి ఒచ్చినట్టున్నది.
చెప్పులల్ల మేకున్నదేమో అనుకుందామని చూసిన.
రబ్బరు చెప్పులు.

గేటు కాడ చెన్నకేశులు దగ్గుతుండు.
మీట ఆపి
మిషనుకు గోనెసంచి తొడిగిన.