కొలిమి రిజిస్టరు

కర్నూలు కాలేజీ, రెండో అంతస్తు, చివరి గది.
తలుపు మీద 'పదార్థ విజ్ఞాన శాస్త్రం' అని రాయిస్తే
పెయింటరుకు చోటు చాలక
'స్త్రం' గోడ మీదికి పోయింది.
ఇరవై ఆరేళ్లుగా ఆ తలుపు తీసేది నేనే.
పేరు మద్దిలేటి. ఉద్యోగం అటెండరు.
సార్లు ఫర్నేసంటారు, నేను కొలిమంటా.

పొద్దున్నే దాని మొహం ముందర చేయి పెట్టి
నిన్నటి వేడి ఇంకా ఉందా అని చూస్తా,
బిడ్డ నుదురు చూసినట్టు కాదు,
అప్పిచ్చినోడి మొహం చూసినట్టు.
నిమిషానికి ఐదు డిగ్రీలే ఎక్కించాలి.
తొందరపడితే లోపలి గొట్టం చిట్లుతుంది.
కొత్త గొట్టానికి మూడు కొటేషన్లు,
మూడు సంతకాలు, మూడు ఎండాకాలాలు.

హుసేన్‌బీ బేతంచెర్ల నుంచి వచ్చింది
మజ్జిగ ప్యాకెట్టంత కవర్లో బూడిదరంగు బురద తీసుకొని.
నాపరాళ్ల పాలిషు ఫ్యాక్టరీలో
వాళ్లమ్మ కాళ్ల కింద పారే నీళ్లు పేరుకున్న ముద్ద.
ఊరి చుట్టూ గుట్టలు పోసినారు సార్,
ఎండితే గాలికి లేస్తుంది,
మా అమ్మ దగ్గులో కూడా అదే,
దీన్ని ఇటుక చేయాలి, అనింది.
ఆ గదిలో నన్ను సార్ అన్న మొదటి మనిషి.

దరఖాస్తు ఆమె రాసింది, జిరాక్సులకు పిన్నులు నేను కొట్టినా.
పదకొండో కాలమ్ దగ్గర పెన్ను ఆగింది:
'ఏ త్రైమాసికంలో ఏ ఫలితం వచ్చును?'

నాకు నవ్వొచ్చింది.
మాది తుగ్గలి పక్క. తొలకరి పడితే
చేలల్లో జనం వంగి నడుస్తారు, వజ్రాల కోసం.
మా అమ్మ పంతొమ్మిది జూన్లు వంగింది.
ఏ సాలులో దొరుకుతుందో ముందే రాసిమ్మంటే
ఒడిలోని రాళ్లన్నీ వాడి నెత్తిన గుమ్మరించేది.
వజ్రం దొరకలేదు.
కానీ రాయిని బుగ్గకు ఆనించుకొని
ఇది పలుగు, ఇది గాజుపెంకు,
ఇదేందో తెలీదు, దాచిపెట్టు, అనేది.
ఆ తెలీనివాటికి మా ఇంట్లో వేరే డబ్బా.

అడిగినదాంట్లో మూడో వంతు మంజూరయింది.
మార్చి ఇరవై తొమ్మిదిన వచ్చింది.
ముప్పై ఒకటి దాటితే వెనక్కి పోతుంది.
రెండు రోజుల్లో ఏం కొంటాం?
కుర్చీలు కొన్నాం. ప్రింటరు కొన్నాం.
గొట్టం మూడో కొటేషను ఇంకా రాలేదు.
కొత్త కుర్చీలో కూర్చొని పాత గొట్టంలోనే కాల్చింది.

పదమూడు: పగిలింది.
ఇరవై రెండు: కరెంటు పోయింది.
ముప్పై: వేలు తగిలితే పొడి.
ఇవి కూడా రాయాలా అంటే
ఇవే రాయాలి సార్, అనింది.

లోపల ఏం జరిగిందో చూడాలంటే బెంగళూరు పోవాల.
అక్కడి మైక్రోస్కోపుకు గంటకింత బాడుగ.
రాత్రి బస్సులో ముప్పై ఏడో ముక్కను దూదిలో చుట్టుకుపోయి
ఒక నల్లటి ఫోటో తెచ్చింది.
గోరంత ఇటుకలో
బేతంచెర్ల గుట్టలన్నీ ఉన్నాయి, మధ్యలో సందులు.
ఈ సందులే సార్ శత్రువులు, అనింది.
ఆమె ఎందుకో సంతోషంగా ఉండింది.

ఒకరోజు కల్లూరు బడి పిల్లోళ్లు వచ్చినారు.
వెనక నిలబడినోడు అడిగినాడు,
రాయి ఎందుకు గట్టిగా ఉంటాది?
వాళ్ల టీచరు ఉష్షనింది.
హుసేన్‌బీ చేతిలోని పని పక్కన పెట్టి
వాడి పక్కన నేల మీద కూర్చుంది, సాయంత్రం దాకా.
ఆ రోజు రిజిస్టరులో నేనే రాసినా:
కొలిమి వెలిగించలేదు. ప్రశ్న వచ్చింది.

జూన్‌లో నేను రిటైరు.
నా పోస్టులో ఎవర్నీ వేయరంట.
మొన్న అమ్మ డబ్బా తెచ్చి
పగిలిన నలభై ముక్కల పక్కన పెట్టినా.
మూత తీసి ఒక రాయి ఏరింది.
ఇదేంది సార్?
తెలీదు.
బుగ్గకు ఆనించుకొని చాలాసేపు అట్లే ఉండింది.
కొలిమి ఆరొందల ఎనభై చూపిస్తోంది.
ఇంకా ఎక్కాల.