అంకెలు చదివే సీటు

గ్రాసియానా అత్త వ్యాను ఒకప్పుడు చర్చిది.
చెరిపేసిన అక్షరాలు
ఎండ వాలినప్పుడు దాని పక్కల మీద మళ్లీ తేలేవి.
పన్నెండు మంది భక్తులు కూర్చునే చోట
ఉప్పు దిమ్మలు, తాళ్లు, గొర్రెల మందు, ఒక కుక్క.
వెనక ట్రైలర్లో ఆరు పొట్టేళ్లు.
నెవాడాలో ఆగస్టు.

పదేళ్ల నాకు ఒకటే ఉద్యోగం,
ముందు సీట్లో కూర్చుని అంకెలు చదవడం.
"నా కళ్లు రోడ్డుకి కావాలి, మాయిటె.
నీవి నాకు అప్పియ్యి" అనేది.
జీతం, కొండ దిగాక ఒక చల్లటి సోడా.

కంపెనీ బిగించిన ముల్లు మహా మర్యాదస్తుడు.
లోపల గోరువెచ్చగా ఉన్నా
సలసలా మరుగుతున్నా
సరిగ్గా నడుమన నిలబడి అదే చిరునవ్వు.
"అది ఓదారుస్తుంది, నిజం చెప్పదు.
కదిలిందంటే అప్పటికే కొంప మునిగినట్టు."
అందుకే అత్త డాష్‌బోర్డుకి తనే చిల్లు పొడిచి
ఇంకో మీటరు పెట్టుకుంది.
గేర్‌బాక్సు అడుగు తొట్టి నుంచి
ఒక సన్నటి వైరు మోసుకొచ్చే కబురు
పచ్చటి అంకెల్లో.

నూట డెబ్బై, అన్నాను ఎల్కో దాటాక.
నూట డెబ్బై ఆరు.
సేజ్ పొదల బూడిద రంగు తప్ప ఏమీ లేని చోట
చాలాసేపు నూట డెబ్బై ఆరు.

తర్వాత రోడ్డు తల ఎత్తింది.
వ్యాను గొంతు మారింది.
గేరు ఒక మెట్టు దిగింది, మళ్లీ ఎక్కబోయి, దిగింది.
"ఈ ఊగిసలాటే చంపేది దాన్ని"
అని అత్త ఓవర్‌డ్రైవ్ మీట నొక్కింది.
నూట తొంభై ఎనిమిది.
రెండు వందల ఐదు.
పొట్టేళ్లు ఒళ్లు ఒక పక్కకి వాల్చాయి,
నా వీపుకి తెలిసింది.
రెండు వందల పన్నెండు.
రెండు వందల ఇరవై నాలుగు, అనేసరికి
నాకు గొంతు జీరపోయింది.

అప్పుడామె అద్దాలన్నీ దించి
హీటరు చివరిదాకా తిప్పింది.
ఆగస్టులో హీటరు!
"దాని వేడి కాస్త మనం మోయాలి.
నీళ్లు చల్లబడితే నూనె చల్లబడుతుంది."
మోకాళ్ల మీద పొయ్యి ఊదినట్టుంది.
కుక్క నాలుక నేలకి జారింది.
చెమట కళ్లలో పడి అంకెలు అలుక్కుపోతున్నా
చదివాను. ఇరవై ఆరు. ఇరవై ఆరు. ఇరవై ఐదు.

శిఖరానికి రెండు మైళ్ల కింద
కంకర జాగాలో బండి ఆపింది, ఇంజిను ఆపలేదు.
న్యూట్రల్లో పెట్టి పెడల్ మీద మెత్తగా కాలుంచింది.
ఆపేస్తే నూనె కదలదట,
నిలబడిపోయిన వేడే కాల్చేదట.
తర్వాత నన్ను పెడల్ దగ్గర కూర్చోబెట్టి
బానెట్ ఎత్తి, పొడుగు పుల్ల లాగి
కాగితం రుమాలు మీద తుడిచి తెచ్చింది.
"రంగు చెప్పు."
ఎరుపు.
"వాసన?"
ఏమీ లేదు.
"పోయినేడు గోధుమ రంగు, మాడిన రొట్టె వాసన.
కొత్త గేర్‌బాక్సుకి
పద్దెనిమిది గొర్రెపిల్లలు పోయాయి."

రుమాలు నాలుగు మడతలు పెడుతూ
"మీ బెన్యాట్ మామయ్యకీ అంతే,
ముల్లు ఎప్పుడూ నడుమనే ఉండేది" అంది.
ఇంకేమీ అనలేదు.
రూబీ కొండల మీంచి గాలి వచ్చి
రేడియేటర్ జల్లెడలో దూరింది.
ఇరుక్కున్న మిడతల రెక్కలు టపటపలాడాయి.
నూట తొంభై తొమ్మిది, అన్నాను నేను,
ఏదో ఒకటి అనాలని.

ఇప్పుడు నా వ్యానులో
కంపెనీవాళ్లే అన్ని అంకెలూ చూపిస్తారు.
పక్క సీట్లో పనిముట్ల పెట్టె ఉంటుంది.
అయినా ఎగుడు మొదలవగానే
పైకే చదువుతాను, ఒక్కొక్కటీ,
ఎవరి కళ్లో రోడ్డు మీద ఉన్నట్టు.

ఆ రోజు మేం దిగేసరికి దుకాణం మూసేశారు.
సోడా బాకీ
అలాగే ఉంది.