బుడగలు లెక్కపెట్టేవాడు

దిగినవాళ్ళు ఎనిమిది మంది.
పైకి రావాల్సిందీ ఎనిమిదే.
మధ్యలో నలభై ఐదు నిమిషాలు
బుడగల్ని చూస్తూ కూచోడం నా ఉద్యోగం.

సింగపూర్‌కి దక్షిణంగా ఈ చిన్న దీవి పేరు పులావ్ హంతు.
హంతు అంటే మా మలయ్‌లో దయ్యం.
ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడ లంగరేస్తున్నాను,
దయ్యం నా కంటపడలేదు.
ఎదుటి దీవిలో రిఫైనరీ గొట్టం మీది మంటను మాత్రం
వానలో కూడా చూస్తాను,
ఎవరో పొయ్యి కట్టెయ్యడం మరిచి
పనికెళ్ళిపోయినట్టు.

నీళ్ళు నీలం కావిక్కడ.
పాలు ఎక్కువై, డికాషన్ చాలని టీ రంగు.
చాచిన చెయ్యి మోచేతి దగ్గరే మాయమౌతుందట.
పోస్టర్లో సముద్రాన్ని చూసి వచ్చిన కుర్రాళ్ళు
తేలగానే మాస్కు పీకి
డబ్బులు దండగన్నట్టు నాకేసి చూస్తారు,
మురికి కలిపింది నేనే అయినట్టు.
పెక్ హూన్ వాళ్ళకి ఒకటే చెబుతుంది:
"మీరు ఈదారు. ఇక్కడ ఆగాలి."

లెక్కల టీచరుగా రిటైరైన మనిషి.
రేవు మెట్లు నా భుజం పట్టుకుని దిగుతుంది,
ఒక్కో మెట్టుకీ మోకాళ్ళని తిడుతూ.
వీపున సిలిండరు కట్టుకుని
అంచు మీంచి వెనక్కి వాలిందా,
ఇక మోకాళ్ళ ఊసే ఉండదు.
ఆమె వెతికేది గోరంత జీవుల్ని,
గుల్ల వదిలేసిన నత్తల్ని.
ఒకదానికి పసుపంచు, ఒకదానికి కుందేలు చెవులు.
ఫోటో చూడమంటుంది.
నేను కళ్ళజోడు తడుముకునేలోగా తెర ఆరిపోతుంది.

నేనెప్పుడూ సిలిండరు కట్టలేదు.
నీళ్ళంటే భయమా అని అడిగాడొక కుర్రాడు.
నడక రాకముందే ఈదినవాణ్ణి, నాయనా.
మా ఇల్లు నీళ్ళ మీదే, కర్రల కాళ్ళ మీద,
ఇప్పుడా మంట ఉన్నచోటికి కాస్త ఎడమగా.
నేల పలకల సందుల్లోంచి చెంచాలు జారిపోయేవి.
ఒకసారి గిన్నె కూడా, అంచు మీంచి.
అమ్మ తిట్టేది కాదు.
"సముద్రానికి మాత్రం ఆకలెయ్యదా?" అనేది.

నా తొమ్మిదో ఏట
పన్నెండో అంతస్తు తాళంచెవి ఇచ్చారు మాకు.
మొదటి రాత్రంతా అమ్మ మేలుకునే ఉంది,
ఇంటి కింద చప్పుడు లేదని.

పోయిన ఆదివారం పెక్ హూన్
మాస్కు తియ్యకుండానే కెమెరా నా చేతికిచ్చింది.
బురదలో సగం కూరుకుపోయిన గిన్నె.
దాని మీద ఎర్ర తోక కోడిపుంజు.
"జుమాత్, నువ్వు చెప్పిన గిన్నేనా?"

నవ్వొచ్చింది.
కోడిపుంజు గిన్నె ఆ రోజుల్లో ఎవరింట లేదు?
మీ ఇంట్లో లేదూ?
"రెండుండేవి" అంది.
నీళ్ళు కారుతున్న జుట్టుతో కాసేపు కూచుని,
మెల్లిగా,
"మళ్ళీ దిగి తెమ్మంటావా?"

అడుగు నుంచి ఏదీ తేకూడదని
పడవ గోడ మీద రాసి అంటించింది ఆమే.

ఈసారి కళ్ళజోడు పెట్టుకుని చూశాను.
గిన్నె లోపలి గోడకి సగ్గుబియ్యంలా గుడ్లు.
వాటికి కాపలాగా వేలెడంత చేప,
కెమెరానే కరిచేసేట్టు నోరు తెరిచి.

వద్దన్నాను.
పిల్లలున్నవాళ్ళని ఖాళీ చేయించడం
నా వల్ల కాదు.

ఇవాళ ఏడుగురు పైకొచ్చారు.
ఫిన్లు విప్పుకున్నారు, బిస్కెట్లు పంచుకున్నారు.
ఎనిమిదో బుడగల దారం
ఒకేచోట లేస్తోంది, కదలకుండా.
గాలి ఇంకా ఉంటుంది ఆమెకి,
లెక్క తప్పే మనిషి కాదు.

"ఇంజను వెయ్యవా అంకుల్?" అంటున్నారు.
ఫ్లాస్కు మూత తిప్పి
టీ పోసుకున్నాను.